పేరు పిలిచినా ఎవరూ లేవలేదు

ఆ అమ్మాయిని కాలేజీలో అందరూ నిప్పుకోడి అనేవారు. మెడ పొడుగు, కాళ్లు పొడుగు, కోపం అన్నిటికంటే పొడుగు. లా చదువుతోంది. చేరిన కొత్తలో క్యాంటీన్‌లో ఒకడు ఆ పేరు పెట్టి పిలిస్తే వాణ్ణి లైబ్రరీ మెట్ల దాకా తరిమింది. దాంతో ఆ పేరు ఇంకా గట్టిగా అతుక్కుపోయింది. పోనుపోను ఆమే అలవాటు పడింది. ఫోన్‌లో ఎవరని అడిగితే "నేనే, నిప్పుకోడిని" అని చెప్పుకునేది.

ఆమె తండ్రి దర్జీ. చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి, మాటా రాలేదు. వీధి మలుపులో ఒక ఇరుకు గదిలో మిషను పెట్టుకుని కుడతాడు. ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో వేలితో చూపిస్తే చాలు, బట్ట ఒంటికి అతికినట్టు వస్తుంది. తల్లి హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. ఇంట్లో ముగ్గురూ చేతులతోనే మాట్లాడుకుంటారు, చేతులతోనే పోట్లాడుకుంటారు. "మీ ఇంట్లో అరుపులే వినపడవు, ఎంత అదృష్టమో" అంటుంది పక్కింటావిడ. గోడ అవతల ఎలాంటి యుద్ధాలు జరుగుతున్నాయో ఆవిడకేం తెలుసు!

ఒకరోజు పొద్దున్నే తండ్రికి కడుపులో నొప్పి మొదలైంది. తల్లి పనిలో ఉంది, కూతురు పరీక్షలో ఉంది. ఎవరినో పిలవడం ఎందుకని ఒక్కడే పెద్దాసుపత్రికి వెళ్లాడు. కౌంటర్లో చీటీ రాయించుకున్నాడు. హాల్లో బెంచీ మీద, సరిగ్గా స్పీకరు కింద కూర్చున్నాడు.

కౌంటర్లో గుమస్తా మైకు పెట్టుకుని ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు. దర్జీ పేరు కూడా పిలిచాడు. మళ్లీ పిలిచాడు. లేవనివాడు లేనట్టే లెక్క, చీటీ అడుగుకి వెళ్లిపోయింది. తన వెనక వచ్చినవాళ్లు లోపలికి వెళ్తుంటే దర్జీ లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి కడుపు పట్టుకుని చూపించాడు. గుమస్తా తలెత్తకుండానే బెంచీ వైపు చెయ్యి ఊపాడు, వెళ్లి కూర్చోమని. వెళ్లి కూర్చున్నాడు. చీటీ మళ్లీ పైకి వచ్చింది, పేరు మళ్లీ పిలిచారు, చీటీ మళ్లీ అడుగుకి వెళ్లింది. సాయంత్రం డాక్టర్లు వెళ్లిపోయారు. ఊడ్చేవాళ్లు వచ్చి భుజం తట్టి లేపితే, నడుం వంగిపోయి గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరాడు.

తెల్లారేలోపు అపెండిక్స్ పగిలింది. కోసి తీస్తే ప్రాణం దక్కింది గానీ, కడుపంతా చీము పట్టింది. రెండోసారి కోశారు. తిరిగి మిషను ముందు కూర్చునేసరికి మనిషి సగమయ్యాడు. కాసేపు తొక్కగానే కడుపు పట్టేసేది.

నిప్పుకోడి నేరుగా సూపరింటెండెంటు గదికి వెళ్లింది.

"పేరు పిలిచారమ్మా. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. మావాళ్ల తప్పేం లేదు" అన్నాడాయన.

"ఆయనకి వినపడదండీ."

"మరి అలాంటి మనిషిని ఒంటరిగా ఎలా పంపించారు? తోడు రావాలి కదా! చదువుకుంటున్న పిల్లవి, ఆమాత్రం నీకు తెలియదా?"

కాలేజీ పోటీల్లో అవతలివాళ్లని మాటలతో చీల్చి చెండాడే పిల్ల అక్కడ గిర్రున వెనక్కి తిరిగింది. బయటికొచ్చి వరండాలో ఉన్న ఇనప చెత్తడబ్బాని ఒక్క తన్ను తన్నింది. డబ్బాకి ఏమీ కాలేదు. ఆమె బొటనవేలు మాత్రం వారం రోజులు చెప్పులో పట్టలేదు.

ఆ ఏడు కాలేజీవాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. వేరే వేరే చదువుల పిల్లలు కలిసి జట్టుగా ఏర్పడి ఊరికి పనికొచ్చేది ఏదైనా తయారు చెయ్యాలి. అందరూ తమకి నచ్చినవాళ్లని ఏరుకున్నారు. నిప్పుకోడిని ఏరుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి ఎవరికీ అక్కర్లేని ముగ్గురు మిగిలారు. ఒకరు నిప్పుకోడి. రెండోవాడు ఎలక్ట్రానిక్స్ చదివే తీగ. మనిషి తీగలాగే ఉంటాడు, జేబులో ఎప్పుడూ ఒక తీగ ముక్క ఉంటుంది, అడిగితే తప్ప మాట్లాడడు. మూడో అమ్మాయి నర్సింగ్ చదువుతోంది, పెద్దాసుపత్రిలోనే శిక్షణకి వెళ్తుంది. ఆమెని అందరూ సిస్టర్ అనే పిలుస్తారు, కన్నతల్లితో సహా.

"నాకైతే ఆ స్పీకరు పగలగొట్టాలని ఉంది" అంది నిప్పుకోడి, జరిగిందంతా చెప్పాక.

తీగ జేబులోని తీగ ముక్కని వేలికి చుట్టుకుంటూ అన్నాడు: "పగలగొడితే ఇంకోటి కొంటారు. దాంతో పని లేకుండా చేద్దాం."

అలా పుట్టింది ఆలోచన. గుమస్తా మైకులో పిలిచే బదులు మీట నొక్కితే, రోగి దగ్గరున్న పరికరం అదరాలి. మొదట చేతికి కట్టుకునే పట్టీ తయారు చేశారు. దూరం నుంచి కనపడాలని ఎర్ర రంగు వేసి, దాని మీద చెవి బొమ్మ గీసి అడ్డంగా గీత కొట్టింది నిప్పుకోడి. మురిసిపోతూ తీసుకెళ్లి తండ్రి ముందు పెట్టింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చెవి బొమ్మ చూశాడు. కంపు కొట్టే గుడ్డని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో బల్ల అంచున పెట్టాడు.

"నువ్వే కట్టుకో" అన్నాడు చేతులతో. "నేను చెవిటివాణ్ణని హాలంతా చాటింపు వెయ్యాలా?"

"నీ మంచికే కదా నాన్నా! ఇది ఉంటే ఆ రోజు..."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ ఇంట్లో కళ్లు మూసుకోవడమంటే ఎదుటివాళ్ల నోరు నొక్కెయ్యడమే. ఇక ఎన్ని చేతులు ఊపినా లాభం లేదు. నిప్పుకోడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి కోసం ఇదంతా? క్లాసులు మానుకుని, వేళ్లు కాల్చుకుని, ఎవరి కోసం?

"చూశావా అమ్మా, ఎలా చేస్తున్నాడో!" అని తల్లి మీద పడింది.

తల్లి తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ అంది: "ఆయనకి కోపం రాకూడదా? కోపమంతా నువ్వొక్కదానివే గుత్తకి తీసుకున్నావా?"

మర్నాడు ఈ సంగతి విని సిస్టర్ నవ్వలేదు, జాలి పడలేదు. "ఆయనన్నది నిజమే. అయినా ఆ హాల్లో సరిగ్గా వినపడేది ఎవరికి? ముసలివాళ్లకి వినపడదు. పిల్ల ఏడుస్తుంటే తల్లికి వినపడదు. వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి మన మాటే అర్థం కాదు. ఆ స్పీకరు గరగరలో నా పేరు పిలిచినా నేను లేవను. అందరికీ ఒకే రకంది ఇద్దాం. ఎవరికి వినపడుతుందో ఎవరికి వినపడదో పక్కవాడికెందుకు తెలియాలి?"

నిప్పుకోడి ఆ ఎర్ర పట్టీని తానే కత్తిరించి పారేసింది.

అరచేతిలో ఇమిడే బిళ్ల చేశారు. రంగు మామూలు బూడిద రంగు. వంతు రాగానే చేతిలో జుయ్యిమని అదురుతుంది, వెళ్లాల్సిన గది నంబరు వెలుగుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి చుక్కలు కనపడ్డాయి. మొదటి బిళ్ల అదిరి అదిరి ఒళ్లోంచి జారి నేల మీద పాకింది. రెండోది స్తంభం వెనక కూర్చుంటే పలికేది కాదు. ఎక్స్‌రే గది పక్కన అసలు ఏదీ పలకలేదు. ఆ గోడల్లో సీసం ఉంటుందని సిస్టర్ చెప్పేదాకా తీగ తన తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. నిప్పుకోడికి సోల్డరింగ్ చేతకాదు, సూది పట్టడమూ చేతకాదు. ఆమె పని ఆఫీసుల చుట్టూ తిరగడం. ఒక గదిలో రేపు రమ్మంటే అక్కడే కూర్చునేది, ఇవాళే రేపు అయ్యేదాకా.

సూపరింటెండెంటు మొదట ముఖం చిట్లించాడు. పత్రికలవాళ్లు వస్తారని తెలిశాక ముఖం విప్పారింది. ఆసుపత్రి ఆవరణలోనే సభ పెట్టించాడు. వేదిక, పూలు, రిబ్బన్, ముఖ్య అతిథిగా ఒక పెద్దమనిషి. మొదటి బిళ్ల దర్జీకే ఇస్తామన్నాడు. తండ్రి రానన్నాడు. "అతిథిగా పిలిచారు నాన్నా, జాలితో కాదు" అని కూతురు నచ్చజెప్పింది. తనే కుట్టుకున్న కొత్త చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ముగ్గురు పిల్లల్ని పక్కగా, మెట్ల దగ్గర నిలబెట్టారు.

సూపరింటెండెంటు మైకు అందుకుని దర్జీ పేరు పిలిచాడు.

ఆయన పూల వంక చూస్తున్నాడు. మళ్లీ పిలిచాడు. ఇంకాస్త గట్టిగా, సాగదీసి, మళ్లీ పిలిచాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

"చూశారా! ఇదీ పాపం వీళ్ల పరిస్థితి!" అన్నాడు సూపరింటెండెంటు. చప్పట్లు మోగాయి.

అది పొరపాటున జరిగింది కాదని అప్పుడర్థమైంది నిప్పుకోడికి. కావాలనే పిలిచాడు. అందరూ తన వంకే చూసి నవ్వుతున్నారని గమనించి, ఎందుకో తెలియకపోయినా, మర్యాద కోసం తండ్రి తిరిగి నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి ఆమెకి కళ్లు బైర్లు కమ్మాయి. వేదిక మీదికి దూకబోయింది. సిస్టర్ మణికట్టు పట్టుకుని ఆపింది. "ఇప్పుడు కాదు. ముందు బిళ్లలు హాల్లోకి వెళ్లనీ." సిస్టర్ గోళ్లు దిగిన గుర్తులు సాయంత్రం దాకా పోలేదు.

ఇంటికి వెళ్తుంటే తండ్రి అడిగాడు: "ఎందుకు నవ్వారు?"

దాచకుండా చెప్పింది. ఆయన రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా బయటికి తియ్యలేదు.

కాలేజీలో మార్కులు వచ్చాయి, మెచ్చుకోలు వచ్చింది. పత్రికలో ఫొటో కూడా వచ్చింది. ముగ్గురిలో తీగ చెవి ఒక్కటే పడింది, అదీ పెద్దమనిషి భుజం వెనక. పోనీలే, పని జరుగుతోంది కదా అనుకున్నారు. కొన్నాళ్లకి సిస్టర్ ఆసుపత్రి నుంచి ఆయాసపడుతూ వచ్చింది.

"బిళ్లలు సూపరింటెండెంటు గదిలో ఉన్నాయి. అద్దాల బీరువాలో, రిబ్బన్‌తో సహా. చూడ్డానికి వచ్చినవాళ్లకి చూపిస్తున్నారు. కింద ఎప్పట్లాగే మైకే. పొద్దున ఒక ముసలావిడ చీటీ అడుగుకి పోయింది."

ముగ్గురూ వెళ్లారు. సూపరింటెండెంటు కుర్చీలు కూడా చూపించలేదు.

"రోగుల చేతికిస్తే ఒక్కటి మిగలదు, ఎత్తుకుపోతారు. సమయం వచ్చినప్పుడు వాడతాంలే. అయినా మీ ప్రాజెక్టు అయిపోయింది, మార్కులు వచ్చాయి. ఇంకేం కావాలి?"

నిప్పుకోడి కళ్లు బల్ల మీదున్న ఇనప పేపర్‌వెయిట్ మీదికీ, బీరువా అద్దం మీదికీ తిరగడం చూసి తీగ ఆ పేపర్‌వెయిట్ తీసి తన జేబులో వేసుకున్నాడు. బయటికొచ్చాక ప్యూను చేతికిచ్చాడు.

ఇంటికొచ్చి తండ్రికి చెబుతుంటే ఆమె చేతుల్లో ఒక మాట మీద ఇంకో మాట పడిపోయింది. ఆయన ఈసారి కళ్లు మూసుకోలేదు. మిషను ఆపి, చివరిదాకా చూశాడు.

"ఆయన పిలవనీ" అన్నాడు. "మేం లేవం."

"ఏంటి?"

ఆయన అప్పటికే ఫోన్ తీసి గోడకి ఆనించి పెట్టాడు. తెర మీద ఆయన స్నేహితులు ఒక్కొక్కరే వచ్చారు. వడ్రంగి, గోడలకి రంగులేసే మనిషి, ప్రెస్సులో పనిచేసే ఆవిడ, ఇంకా కొందరు. ఒక్కరికీ వినపడదు. సెలవు రోజుల్లో పార్కులో కలిసి గంటలు గంటలు కబుర్లు చెప్పుకునే జట్టు అది. వాళ్ల చేతులు అంత వేగంగా కదలడం నిప్పుకోడి ఎన్నడూ చూడలేదు. ఆ ఆసుపత్రిలో తలా ఒక రోజు పోగొట్టుకున్నవాళ్లే అందరూ.

సోమవారం పొద్దున వాళ్లంతా హాల్లో ఉన్నారు. దొంగ నొప్పులు కావు. వడ్రంగికి మోకాలు, ప్రెస్సు ఆవిడకి కళ్లు, దర్జీకి కడుపు. వరసలో నిలబడి చీటీలు రాయించుకుని బెంచీల మీద కూర్చున్నారు. ప్రాణం మీదికొచ్చినవాళ్లు వెళ్లే తలుపు వేరే ఉంది. అటువైపు ఎవరికీ అడ్డం రాకుండా సిస్టర్ అక్కడే నిలబడింది. తీగ సంచీ ఒళ్లో పెట్టుకుని చివరి బెంచీలో కూర్చున్నాడు.

గుమస్తా పిలిచాడు. ఎవరూ లేవలేదు. ఇంకో పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. చీటీలు అడుగుకి వెళ్లాయి, మళ్లీ పైకొచ్చాయి.

దర్జీ పక్కన కూర్చున్న ముసలాయన వింతగా చూసి నిప్పుకోడిని అడిగాడు: "ఏంటమ్మా సంగతి?"

చెప్పింది. ఆయన తల పంకించాడు. అంతలో ఆయన పేరే పిలిచారు. లేవబోయి, ఒక్క క్షణం ఆగి, తిరిగి కూర్చున్నాడు.

"తాతగారూ, మిమ్మల్నే పిలిచారు."

"ఏమో తల్లీ, నాకూ వినపడలేదు" అన్నాడు, పైకి వినపడేట్టు.

ముందు బెంచీలో పిల్లని ఎత్తుకున్న తల్లి వెనక్కి తిరిగి చూసింది. తన పేరు పిలిచినప్పుడు "నాకూ వినపడలేదండీ!" అని కౌంటర్ వైపు అరిచింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. నాకూ వినపడలేదు, నాకూ వినపడలేదు అని బెంచీ వెనక బెంచీ అందుకుంది. గుమస్తా పేరు మీద పేరు పిలుస్తున్నాడు, హాలు కదలదు. లోపలి డాక్టరు తలుపు తీసి, "ఎవరూ రారేం? సెలవా ఇవాళ?" అని అడిగాడు.

సూపరింటెండెంటు మెట్లు దిగి వచ్చాడు. ఎదురుగా కనపడిన వడ్రంగి మీద విరుచుకుపడ్డాడు. క్రమశిక్షణ అన్నాడు, పోలీసులన్నాడు, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. వడ్రంగి ఎంతో శ్రద్ధగా ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. అంతా అయ్యాక, ఇంకేమైనా ఉందా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

సూపరింటెండెంటు నిప్పుకోడి వైపు తిరిగాడు. "వాళ్లకి చెప్పు!"

"ఏం చెప్పను?"

"పేరు పిలిస్తే లేవమని!"

"మీరే చెప్పండి. మైకు ఉంది కదా."

"ఆటలాడుతున్నావా? మీ కాలేజీకి రాస్తాను. నీ చదువు ఎలా సాగుతుందో చూస్తాను!"

"రాయండి!" ఆమె గొంతు హాలు పైకప్పుకి తగిలింది. "తోడు లేకుండా ఎందుకొచ్చాడన్నారు ఆ రోజు. ఇవాళ అందరూ ఒకరికొకరు తోడొచ్చారు, చాలదా? కడుపు పట్టుకుని మీ గుమస్తా ముందు నిలబడితే చెయ్యి ఊపి పంపించారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మీ స్పీకరు కిందే కూర్చోబెట్టి పేగులు కుళ్లబెట్టారు. పైగా సభ పెట్టి, మైకులో పిలిచి, నవ్వించారు! ఆయన తిరిగి నవ్వాడు సార్. మీరు మర్యాదస్తులనుకుని నవ్వాడు!"

ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుపు వచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

అప్పుడు దర్జీ లేచాడు. నెమ్మదిగా వచ్చి సూపరింటెండెంటు ఎదుట నిలబడి, చేతులతో నాలుగు మాటలన్నాడు.

"ఏమంటున్నాడు?"

"మీకు వినపడలేదా?" అంది నిప్పుకోడి. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.

దర్జీ చొక్కా గుండీలు విప్పాడు. బొడ్డు పక్కనుంచి కిందికి రెండు కోతలు, సరిగ్గా మానక ముడతలు పడి, తాడులా ఉబ్బిన మచ్చలు. మైకు ముందు కూర్చున్న గుమస్తా అది చూసి, చేతిలోని చీటీలు బల్ల మీద పెట్టేశాడు. మరి పిలవలేదు. సూపరింటెండెంటు ముఖం తిప్పుకుని బీరువా తాళం చెవి తీసి బల్ల మీదికి విసిరాడు.

తీగ పరుగెత్తాడు. అట్టపెట్టెతో కిందికొచ్చి చూస్తే ఒక్క బిళ్లా వెలగలేదు. ఇన్నాళ్లూ ఎవరూ ఛార్జింగ్ పెట్టనేలేదు. జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అనని తీగ అప్పుడొక బూతు తిట్టాడు. సంచీలో తెచ్చిన బ్యాటరీలు బయటికి తీసి నేల మీదే కూర్చుని ఒక్కొక్కటే మార్చాడు. హాలంతా ఓపిగ్గా చూసింది. మొదటి బిళ్ల అదిరినప్పుడు వడ్రంగి తేలు కుట్టినట్టు ఎగిరి పడ్డాడు. పొద్దుటి నుంచి బిగుసుకున్న హాలు ఒక్కసారిగా గొల్లుమంది. ఈ నవ్వులో వడ్రంగి కూడా ఉన్నాడు.

ఇప్పుడు అక్కడ మైకు మోగడం లేదు. బిళ్లలు అప్పుడప్పుడూ పోతుంటాయి, సూపరింటెండెంటు భయపడినంతగా కాదు. పాడైనవి తీగ బాగు చేస్తాడు. కాలేజీ నిప్పుకోడికి గట్టి హెచ్చరిక ఇచ్చింది, సిస్టర్ శిక్షణ కొన్నాళ్లు ఆపారు, తర్వాత మళ్లీ రానిచ్చారు. పత్రికలో మాత్రం ఇదంతా సూపరింటెండెంటుగారి ముందుచూపు అని రాశారు.

దర్జీ పని సగానికి పడిపోయింది. అది ఏ బిళ్లతోనూ తిరిగి రాదు. ఆయనకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

ఆ ఒక్క మాట కోసం నిప్పుకోడి ప్రతి సోమవారం సూపరింటెండెంటు గదికి వెళ్తుంది. "అన్నీ సవ్యంగా జరుగుతున్నాయి కదా, ఇంకా ఎందుకొస్తావు?" అన్నాడాయన మొదటి వారం. "మా నాన్న దగ్గరికొచ్చి తప్పైందని చెప్పండి. మానేస్తాను" అంది. తండ్రి కూడా వదిలెయ్యమన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది.

గది బయట కుర్చీ వేసుకుని పుస్తకం చదువుకుంటూ కూర్చుంటుంది. సూపరింటెండెంటు సోమవారాలు వెనక తలుపు నుంచి వెళ్లిపోవడం అలవాటు చేసుకున్నాడు. పోయిన వారం నుంచి ఆమె తన కుర్చీని వెనక తలుపు దగ్గరికి మార్చుకుంది.